పళ్లెం చూసి తీర్పు చెప్పకండి

అధ్యక్షులవారికి, నిర్వాహకులకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసిన మిత్రులు చెప్పినదాంట్లో సగం నిజం, మిగతా సగం వారి అభిమానం. నాకిచ్చిన సమయంలో మంచి భాగం ఆ పరిచయానికే పోయింది కాబట్టి తిరిగి వారిని పొగిడే పని పెట్టుకోను. ఆ బాకీ అలాగే ఉండనివ్వండి.

ఆహ్వానపత్రికలో నా ప్రసంగానికి ‘స్త్రీలకు వీగన్ ఆహారం: లాభాలు, సవాళ్లు’ అని పేరు పెట్టారు. పద్ధతిగా ఉంది. మొదట లాభాలు, తరువాత సవాళ్లు, చివర చప్పట్లు. నేనూ ఆ వరుసలోనే రాసుకొచ్చాను. కానీ ఇంతమంది ఆడవాళ్లను ఒకచోట చూశాక కాగితం పక్కన పెట్టి ముందు మిమ్మల్ని అడగాలనిపిస్తోంది. మీ హిమోగ్లోబిన్ ఎంతో తెలిసినవాళ్లు చేతులెత్తండి. బాగుంది, సగానికి పైనే. ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, ఎంతో తెలిసినవాళ్లు? రెండు, మూడు... వెనక ఇంకొకరు. బి12 విటమిన్ ఎంతో తెలిసినవాళ్లు? దాదాపు అవే చేతులు. ఇక చివరిది. మీరు అడగకుండానే మీ తిండి గురించి సలహా చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చూడండి, రెండు చేతులూ ఎత్తినవాళ్లు కూడా ఉన్నారు!

దించండి. నేను చెప్పాలనుకున్నది మీ చేతులే చెప్పేశాయి. ఆడదాని తిండి మీద అభిప్రాయం లేనివారు ఉండరు. ఆమె రక్తంలో ఏముందో చూసినవారు మాత్రం అరుదు.

వీగన్ అంటే కొత్తగా వింటున్నవారి కోసం ఒక్క మాట. మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు. పాలు, పాలతో చేసినవి, తేనె కూడా లేని ఆహారం అది. కొందరు జంతువుల మీద దయతో అలా తింటారు, కొందరు పర్యావరణం కోసం, కొందరు ఆరోగ్యం కోసం. ఎవరి కారణం వారిది. ఆ కారణాల మీద నేను తీర్పు చెప్పను. నా పని అది కాదు.

న్యాయంగా లాభాలు ముందు చెప్పాలి. ఉన్నాయి, బలమైనవే ఉన్నాయి. అన్నిటికంటే నమ్మకంగా చెప్పగలిగింది చెడ్డ కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ తగ్గడం. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 22 జతల సమరూప కవలలతో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రతి జతలో ఒకరికి వీగన్ ఆహారం, రెండోవారికి మాంసంతో కూడిన ఆహారం, 8 వారాలు. గమనించండి, రెండోవారికి చెత్త తిండి పెట్టి పోల్చలేదు. ఇద్దరికీ కూరగాయలు, ముడి ధాన్యాలు ఉన్న మంచి ఆహారమే. అయినా వీగన్ కవలలకు ఎల్‌డీఎల్ ఎక్కువగా తగ్గింది, బరువూ తగ్గింది, పరగడుపున ఇన్సులిన్ కూడా తగ్గింది. పాల్గొన్నవారిలో ఎక్కువమంది స్త్రీలే. వీగన్ కవలలకు తిండి మీద తృప్తి మాత్రం రెండోవారి కంటే తక్కువగా ఉందట. అదీ చెప్పాలి కదా, దాచకూడదు.

కొలెస్ట్రాల్ మగవాళ్ల గొడవ అనుకునే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రపంచంలో స్త్రీలను ఎక్కువగా పొట్టనపెట్టుకునేది గుండె, రక్తనాళాల జబ్బులే. నెలసరి ఆగిపోయాక ఎల్‌డీఎల్ పెరగడం మామూలు. అందుకే ఈ లాభాన్ని చిన్నచూపు చూడకండి.

మధుమేహం సంగతి. అమెరికా, కెనడాలలోని అడ్వెంటిస్టు క్రైస్తవులను పరిశీలించిన పెద్ద అధ్యయనంలో, 2009 నాటి లెక్కల ప్రకారం మాంసం తినేవారిలో 7.6 శాతం మందికి టైప్-2 మధుమేహం ఉంటే, వీగన్లలో 2.9 శాతం మందికే ఉంది. సగటు బరువులోనూ పెద్ద తేడా ఉంది. ఇలాంటి లెక్కలు చూసి వెంటనే జెండా ఎగరేయకూడదు. వీగన్‌గా ఉండేవారు మిగతా విషయాల్లోనూ ఒళ్లు చూసుకునేవారై ఉండవచ్చు. అయినా తేడా చిన్నది కాదు.

రుతువిరతి సమయంలో వచ్చే వేడి ఆవిర్ల గురించి 2021లో ఒక చిన్న ప్రయోగం వచ్చింది. 38 మంది స్త్రీలు, 12 వారాలు. కొవ్వు తక్కువగా ఉన్న వీగన్ ఆహారం, దాంతోపాటు రోజూ అరకప్పు సోయా గింజలు తిన్నవారికి ఆవిర్లు 79 శాతం తగ్గాయి. ఈ 79 మీరు చాలాచోట్ల వినే ఉంటారు. దాని పక్కనే ఉన్న రెండో అంకె ఎవరూ చెప్పరు. ఏ మార్పూ చేయకుండా మామూలుగా తిన్నవారికి కూడా 49 శాతం తగ్గాయి. తేడా ఉంది, కాదనను. కానీ మొదటి అంకెను మాత్రమే ఊరేగించడం అమ్మకందారు పని.

సోయా మాట వచ్చింది కాబట్టి రొమ్ము క్యాన్సర్ భయం కూడా ఇక్కడే తీర్చేస్తాను, ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలున్న మాట నిజం. అవి శరీరంలో నిజమైన ఈస్ట్రోజెన్‌లా పనిచేయవు. షాంఘైలో రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన 5,000 మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సోయా ఎక్కువగా తిన్నవారిలో మరణాలు, జబ్బు తిరగబెట్టడం రెండూ తక్కువే కనిపించాయి. సోయా పాలు, ఆ పాలను పన్నీరులా గడ్డకట్టించిన టోఫూ లాంటి ఆహారానికి భయపడనక్కర్లేదు. సోయా సారం కుక్కిన మాత్రలు వేరు, వాటి జోలికి డాక్టరును అడగకుండా వెళ్లకండి.

లాభాలు చెప్పాను. త్వరగా చెప్పానని వీగన్ మిత్రులు నొచ్చుకోవచ్చు. లాభాలకు ప్రచారకులు చాలామంది ఉన్నారమ్మా. నేను ఇంత దూరం వచ్చింది ఇంకొకరి గురించి చెప్పడానికి.

ఆమె పేరు చెప్పను, ఊరు చెప్పను. ముప్పై దాటిన వయసు, ఉద్యోగం చేస్తోంది. జంతువుల మీద ప్రేమతో ఎన్నో ఏళ్లుగా వీగన్. నా దగ్గరకు వచ్చేనాటికి అరికాళ్లలో తిమ్మిర్లు పట్టుకున్నాయి, దూది మీద నడుస్తున్నట్టుంది అంటోంది. నిద్ర లేచినప్పుడే అలసట. ‘ముఖం కడుక్కునేటప్పుడు కళ్లు మూసుకుంటే తూలి పడబోతున్నాను డాక్టరుగారూ’ అంది. వైద్యం చదివినవారు ఈ సభలో ఉంటే ఆ ఒక్క మాటకే నిటారుగా కూర్చుని ఉంటారు. కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాల దారి దెబ్బతింటే, ఆ లోటును కళ్లు పూడుస్తాయి. కళ్లు మూస్తే తూలు వస్తుంది. ఇది మనసులోంచి వచ్చేది కాదు, వెన్నుపాములోంచి వచ్చేది.

నా కంటే ముందు ఆమె ముగ్గురికి చెప్పుకుంది. మొదటి డాక్టరు ఆమె ఇంటి పరిస్థితులు, ఉద్యోగం వివరాలు అడిగి, ఆందోళన అన్నారు, నిద్రమాత్ర రాశారు. రెండో డాక్టరు ‘వీగన్’ అనే మాట వినగానే కలం కింద పెట్టారట. ‘ముందు ఈ పిచ్చి మానండి, పాలు తాగండి, గుడ్లు తినండి, అప్పుడు రండి’ అని పంపేశారు. పరీక్ష లేదు, చీటీ లేదు. మూడోవారు డాక్టరు కాదు, ఆమెలాగే వీగన్‌గా ఉన్న ఒక స్నేహితురాలు. ‘ఒంట్లో విషాలు పోతున్నప్పుడు అలాగే ఉంటుంది, తగ్గిపోతుంది, స్పిరులినా తాగు’ అని ధైర్యం చెప్పింది.

స్పిరులినా అంటే ఒక రకం నాచు పొడి. అందులో బి12 ఉందని డబ్బా మీద రాసి ఉంటుంది. అందులో ఉన్నదాంట్లో అధిక భాగం బి12 రూపంలో ఉన్న నకిలీ. మన శరీరానికి పనికిరాదు.

ఈ ముగ్గురిలో నాకు ఎవరి మీద కోపమో చెప్పండి. మొదటివారి మీదా? ఆడది అలసటగా ఉందంటే ఆందోళన అనడం పాత జబ్బు, దాని గురించి వేరే సభ పెట్టాలి. స్నేహితురాలి మీదా? ఆమెకు తెలియదు. నా కోపమంతా ఆ రెండోవారి మీదే. ఎందుకంటే వారి అనుమానం సరైనదే. తిండిలో లోపం ఉందని వారికి తట్టింది. సరైన కారణం చేతిలో పెట్టుకుని, దాన్ని పరీక్షగా మార్చకుండా తీర్పుగా మార్చారు! ఒక్క గొట్టం రక్తం తీసి ఉంటే ఆ రోజే తేలిపోయేది. దాని బదులు తిట్టారు. తిడితే ఏమైంది? ఆ తరువాత ఆమె ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా తను ఏం తింటోందో చెప్పడం మానేసింది. నాకు కూడా మొదట చెప్పలేదు. అడిగి అడిగి రాబట్టాల్సి వచ్చింది.

అసలు నష్టం ఇక్కడే ఉంది. తిడితే ఆడవాళ్లు తిండి మార్చుకోరు, తిండి గురించి చెప్పడం మానేస్తారు. చెప్పకపోతే మాకు అనుమానం రాదు. అనుమానం రాకపోతే పరీక్ష రాయం.

ఇంకొక మెలిక ఉంది. ఆమె హిమోగ్లోబిన్ 12 పైనే ఉంది. రక్తహీనత లేదు, ఎర్ర రక్తకణాలు కూడా చూడటానికి బాగానే ఉన్నాయి. కారణం, పిల్లలు కావాలనుకుని ఆమె ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటోంది. మంచి అలవాటే, గర్భం కోరుకునేవారు వేసుకోవలసిందే. కానీ బి12 లేనప్పుడు ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని సరిదిద్దుతుంది, నరాలను సరిదిద్దదు. పైకి అంతా సవ్యంగా కనిపిస్తుంది, లోపల నరాల మీది పొర దెబ్బతింటూ పోతుంది.

ఈ ఫోలిక్ యాసిడ్ కథ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, నేనూ చూశాను, అయినా చెబుతాను. లూసీ విల్స్ అని ఒక ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు తీవ్రమైన రక్తహీనత, ఎర్రకణాలు మామూలు కంటే పెద్దవిగా ఉంటున్నాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆమె ఏం చేసింది? ఏ వర్గం స్త్రీలు ఏం తింటున్నారో నమోదు చేసింది. ఎలుకల మీద, కోతుల మీద అదే తిండి పెట్టి చూసింది. చౌకగా దొరికే ఈస్టు సారం ఇచ్చింది, స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ సారంలో ఉన్నది ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ సహజ రూపం, అని తరువాత తేలింది. గర్భిణులకు మేం రాసే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆ మిల్లు కార్మికుల రక్తంలోంచి వచ్చిన జ్ఞానం. చూడండి, తిండిని అడగడం వేరు, తిండిని నిలదీయడం వేరు. ఆమె అడిగింది, రాసుకుంది, కొలిచింది.

బి12 కథ ఇంకా విచిత్రం. బ్రిటన్‌లో వీగన్ సొసైటీ మొదలైంది 1944 నవంబరులో. బి12ను మొట్టమొదట విడదీసింది 1948లో, అమెరికాలో ఒక బృందం, బ్రిటన్‌లో ఒక బృందం, ఇంచుమించు ఒకేసారి. అంటే తొలి వీగన్లకు తమ ఆహారంలో లేనిది ఏమిటో తెలిసే అవకాశమే లేదు, దాన్ని ఎవరూ ఇంకా చూడలేదు. 1950లలో వైద్యులు కొందరు వీగన్లను పరీక్షిస్తే తిమ్మిర్లు, నరాల సమస్యలు బయటపడ్డాయి. అప్పటి నుంచి విటమిన్ కలిపిన ఆహారం, మాత్రలు వచ్చాయి. తొలితరం వారికి తెలియకపోవడం తప్పు కాదు. మనకు తెలిసి డెబ్బై ఏళ్లు దాటింది. ఇంకా ‘ప్రకృతి సహజంగా తింటే చాలు, మాత్రలు వద్దు’ అనేవారికి ఏ సాకూ లేదు.

ఆ బి12 నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో ఛేదించింది కూడా ఒక స్త్రీయే, డొరొతీ హాడ్జ్‌కిన్. 63 కార్బన్ అణువులు, మధ్యలో ఒక కోబాల్ట్ అణువు. అంత చిక్కు నిర్మాణాన్ని 1956 నాటికి తేల్చింది. 1964లో నోబెల్ బహుమతి వస్తే ఒక పత్రిక ‘గృహిణికి నోబెల్’ అనే అర్థంలో శీర్షిక పెట్టింది! నవ్వుతున్నారు, నవ్వండి.

సరే, విషయానికి వద్దాం. బి12ను జంతువులూ తయారు చేయవు, మొక్కలూ తయారు చేయవు. సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. కాలేయంలో నిల్వ ఉండటం వల్ల తినడం మానేసిన ఏళ్ల వరకూ లోపం బయటపడదు. ‘నేను ఇన్నేళ్లుగా వీగన్‌ని, నాకేమీ కాలేదు’ అనే ధీమా అందుకే ప్రమాదం. పెద్దవారికి రోజుకు 2.4 మైక్రోగ్రాములు కావాలి. అయితే పేగు ఒక్కసారికి కొద్దిగానే తీసుకుంటుంది కాబట్టి మాత్రలో మోతాదు ఎక్కువ ఉండాలి. రోజూ వేసుకుంటే కనీసం 10 మైక్రోగ్రాములు, వారానికొకసారైతే కనీసం 2,000 మైక్రోగ్రాములు అని వీగన్ సొసైటీయే చెబుతోంది. వీగన్ సంస్థే మాత్ర వేసుకోమంటుంటే మాత్ర వేసుకోవడం సిద్ధాంతానికి ద్రోహం ఎలా అవుతుంది?

పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్న అమ్మాయిలు ముఖ్యంగా వినండి. మీలో చాలామందికి మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ రాసి ఉంటారు. ఆ మందు బి12ను పేగులు పీల్చుకోకుండా తగ్గిస్తుంది. తిండిలో లేదు, ఉన్నది ఒంటికి పట్టదు. రెండు వైపులా దెబ్బ. ఎసిడిటీకి ఏళ్ల తరబడి వేసుకునే మాత్రలు కూడా అంతే. కాన్పు నొప్పులకు కొన్నిచోట్ల పీల్పించే నైట్రస్ ఆక్సైడ్ వాయువు, ఒంట్లో ఉన్న కొద్దిపాటి బి12ను పనికిరాకుండా చేస్తుంది. అప్పటికే నిల్వలు అడుగంటిన తల్లికి అది ప్రమాదం. ఇవన్నీ తెలియాలంటే మీరు ఏం తింటారో, ఏం వేసుకుంటారో రెండూ డాక్టరుకు తెలియాలి.

ఆమె సంగతి చెప్పి ముగించాలి కదా. పరీక్షలో బి12 అడుగంటి ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. తూలు పోయింది, అలసట పోయింది. కాలి వేళ్లలో కొంచెం మొద్దుదనం మిగిలిపోయింది. ఇప్పటికీ వీగన్‌గానే ఉంది, మాత్ర వేసుకుంటోంది.

ఇనుము విషయం. నెలసరి ఉన్న స్త్రీకి రోజుకు 18 మిల్లీగ్రాములు, పురుషుడికి 8 చాలు అని అమెరికా ప్రమాణాలు. మొక్కల్లో ఉండే ఇనుము తక్కువగా ఒంటబడుతుంది కాబట్టి మాంసం తినని వారికి అవసరం 1.8 రెట్లు అని ఆ ప్రమాణాలే చెబుతాయి. పప్పులు, గింజలు తినేటప్పుడు నిమ్మరసం, జామ, పచ్చి మిరప లాంటి సి విటమిన్ ఉన్నవి తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది. గింజలను నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం కూడా మేలే. టీ, కాఫీ భోజనంతో వద్దు, గంట ఆగండి. ఇవన్నీ మీకు తెలిసినవే, పత్రికల్లో రోజూ వస్తుంటాయి.

పత్రికల్లో రానిది ఇది. హిమోగ్లోబిన్ వంటింట్లో డబ్బా, ఫెరిటిన్ గాదె. డబ్బా నిండుగా కనిపిస్తున్నప్పుడే గాదె ఊడ్చుకుపోయి ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవారికి ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే ఇనుము లోపం. చాలామంది వైద్యులం 30 దగ్గరే మేలుకుంటాం. జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం, రాత్రి కాళ్లు కుదురుగా ఉండకపోవడం, ఇవి హిమోగ్లోబిన్ పడిపోకముందే రావచ్చు. అందుకే ఫెరిటిన్ అడగండి. మళ్లీ చెబుతున్నాను, ఫెరిటిన్ అడగండి.

పళ్లెం మీద నింద వేయడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. వీగన్ స్త్రీకి ఇనుము తక్కువైంది అనగానే అందరికీ కారణం దొరికిపోతుంది. ఇక ఎవరూ నెలసరి గురించి అడగరు. గర్భాశయంలో గడ్డ వల్ల నెలనెలా విపరీతంగా రక్తం పోతుంటే, ఆకుకూరలు తినమని చెప్పి పంపుతారు. ఇనుము తక్కువైన ఏ స్త్రీనైనా, ఏం తినే స్త్రీనైనా, మొదట అడగవలసిన ప్రశ్న: ‘నెలసరి ఎన్ని రోజులు, ఎంత రక్తం?’ గడ్డలు గడ్డలుగా పోవడం, రాత్రి లేచి బట్ట మార్చుకోవలసి రావడం మామూలు కాదు. అమ్మకూ అలాగే ఉండేదని సరిపెట్టుకోకండి.

అధ్యక్షులవారు చీటీ పంపారు, పది నిమిషాలని. ఎముకలు, గర్భం రెండూ ఇందులోనే ముగించాలి.

ఎముకల విషయంలో వీగన్ మిత్రులు నా మాట కొంచెం ఓపికగా వినాలి. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో సుమారు 55,000 మందిని దాదాపు 18 ఏళ్లు గమనించి 2020లో ఫలితాలు ప్రచురించారు. మాంసం తినేవారితో పోలిస్తే వీగన్లకు ఎముకలు విరిగే అవకాశం 43 శాతం ఎక్కువ. తుంటి ఎముకైతే 2.3 రెట్లు. ఇవి శరీర బరువును లెక్కలోకి తీసుకున్నాక వచ్చిన అంకెలే. కాల్షియం, మాంసకృత్తులు కూడా లెక్కలోకి తీసుకున్నాక తేడా కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. దీన్ని కొట్టిపారేయడానికి నాకు దారి కనబడలేదు. రుతువిరతి తరువాత ఎముక ఎంత వేగంగా కరుగుతుందో తెలిసినవారెవరూ కొట్టిపారేయరు.

చేయగలిగింది మాత్రం ఉంది. రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం, యాభై దాటిన స్త్రీలకు 1,200 అన్నది అమెరికా లెక్క. పాలకూరలో కాల్షియం ఉందని మురిసిపోకండి. అందులోని ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి, మనకు దక్కేది ఇరవయ్యో వంతు. కాల్షియంతో గడ్డకట్టించిన టోఫూ, కాల్షియం కలిపిన సోయా పాలు నయం. ఆ పాల డబ్బా బాగా కుదిపి పోసుకోండి, కాల్షియం అడుగున పేరుకుని ఉంటుంది. కుదపకుండా పోసుకుంటే నీళ్లు తాగినట్టే, ఆఖరి గ్లాసు వరకు. డి విటమిన్ చూపించుకోండి. బరువులు ఎత్తండి. ఆడవాళ్లు బరువులెత్తితే ఏదో అవుతుందనే వారిని మాట్లాడనివ్వండి, మీరు ఎత్తండి.

గర్భం. నిపుణులే ఇక్కడ ఒక మాట మీద లేరు. చక్కగా ప్రణాళిక వేసుకున్న వీగన్ ఆహారం గర్భిణులతో సహా అన్ని వయసులవారికీ తగినదే అని అమెరికా పోషకాహార నిపుణుల అకాడమీ 2016లో చెప్పింది. అదే అకాడమీ 2025లో ఇచ్చిన కొత్త ప్రకటన గర్భిణులు, బాలింతలు కాని పెద్దవారికే పరిమితం. జర్మనీ పోషకాహార సంఘం 2016లో గర్భిణులకు వద్దంది. 2024కు వచ్చేసరికి, తగినంత ఆధారం లేదు కాబట్టి వద్దనీ చెప్పలేం, సరేననీ చెప్పలేం అంది. నా అభిప్రాయం అడిగితే, ప్రణాళిక ఉంటే సాధ్యమే. ప్రణాళిక లేకుండా మాత్రం ప్రయోగం చేయకండి. ఎందుకంటే ఆ ప్రయోగం మీ ఒక్కరి మీద కాదు.

బి12 తక్కువ ఉన్న తల్లి పాలలో బి12 తక్కువే ఉంటుంది. బిడ్డకు పుట్టుకతో వచ్చిన నిల్వ కొంచెమే. మొదటి ఏడాదిలోనే బిడ్డ మందకొడిగా అయిపోవడం, మెడ నిలపడం లాంటి నేర్చిన పనులు మరచిపోవడం వైద్య సాహిత్యంలో ఎన్నోసార్లు నమోదైంది. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఒక్క మాత్రతో ఆపగలిగిన దాన్ని ఆపమని చెబుతున్నాను. అయోడిన్ రెండోది. బిడ్డ మెదడు ఎదుగుదలకు అదే ఆధారం. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాములు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అయోడిన్ లేని ఖరీదైన ఉప్పులు ఫ్యాషన్ అయ్యాయి కాబట్టి, మీ ఉప్పు పొట్లం మీద చదివి చూసుకోండి. సముద్రపు నాచు తింటే చాలనుకోకండి, కొన్ని రకాల్లో అయోడిన్ మరీ ఎక్కువై థైరాయిడ్ దెబ్బతింటుంది. మెదడుకు కావలసిన డీహెచ్‌ఏ అనే కొవ్వు, చేపలకు కూడా నాచు నుంచే వస్తుంది. ఆ నాచు నూనె నేరుగా దొరుకుతుంది. అవిసె గింజల నుంచి శరీరం దాన్ని కొద్దిగా తయారు చేసుకోగలదు, ఆ పనిలో స్త్రీలు పురుషుల కంటే కొంచెం నయం. ఒక్కదాంట్లో అయినా మనకు మొగ్గు!

ఇంకొకటి, నవ్వుతూ చెప్పలేనిది. కొందరు అమ్మాయిలకు వీగన్ అనే పేరు తినకపోవడానికి మర్యాదైన ముసుగు అవుతోంది. ఎందుకు తినడం లేదని ఎవరైనా అడిగితే సమాధానం సిద్ధంగా ఉంటుంది. తిండికి దూరమయ్యే ఆ మానసిక జబ్బును వీగన్ ఆహారం పుట్టిస్తుందని అనడం లేదు. ఆ జబ్బు అక్కడ దాక్కోగలదు అంటున్నాను. బరువు తగ్గుతూ, నెలసరి ఆగిపోయిన అమ్మాయి మీ ఇంట్లో ఉంటే, ఏం తింటోందని కాదు, ఎంత తింటోందో చూడండి. నెలసరి ఆగడం అంటే శరీరానికి తిండి చాలడం లేదని అర్థం కావచ్చు. క్రీడాకారిణుల తల్లిదండ్రులు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో రెండు చీటీలు ముందు వరుస నుంచి వచ్చాయి. చదివి దిగిపోతాను.

ఒకరు, థైరాయిడ్ మాత్ర సోయా పాలతో వేసుకోవచ్చా అని అడిగారు. వద్దమ్మా. మంచినీళ్లతో, పరగడుపున వేసుకోండి. సోయా ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వదు. ఇనుము, కాల్షియం మాత్రలు కూడా అంతే, వాటికి నాలుగు గంటల ఎడం ఇవ్వండి.

రెండో చీటీ: ‘నేను వీగన్ అని మా డాక్టరుకు చెబితే తిడతారు, చెప్పాలా?’ పేరు రాయలేదు. చెప్పాలి. చెప్పినప్పుడు ఆయనో ఆవిడో ఉపన్యాసం మొదలుపెడితే పూర్తయ్యే వరకు ఆగి, ‘అలాగేనండీ, ఫెరిటిన్, బి12, డి విటమిన్, థైరాయిడ్ కూడా రాయండి’ అనండి. రాస్తే ఆ డాక్టరు దగ్గరే ఉండండి, తిట్టినా ఫరవాలేదు. రాయకపోతే ఇంకొకరిని చూసుకోండి.

మిగతా ప్రశ్నలకు కింద, మెట్ల దగ్గర నిలబడతాను. మాత్రల పేర్లు రాసుకుని వచ్చినవాళ్లు ముందు రండి.